మా మేనత్త ఇంట్లో ఎవరి ఆకు వారిదే

మా మేనత్తగారు పోయారని గుడివాడలో మా ఇంటికి ఫోను వచ్చేసరికి నేను దీపం పెడుతున్నాను. వత్తి సరిచేసి, ఆ పూట నామాలన్నీ ఆవిడకే చెప్పుకున్నాను.

మా దివిసీమ పల్లెలో హైస్కూలు లేదు. నాన్నగారు తమ్ముణ్ణి బందరులో తన అక్కయ్య అయిన ఈ మేనత్తగారింట్లో పెట్టి చదివించారు. వాడి పనులు చూడటానికి తోడుగా నన్నూ పంపారు. అలా నాకూ చదువు దొరికింది.

ఆ ఇంట్లో తిన్నవాళ్ళే ఆకు ఎత్తి, ఆ చోట నీళ్ళు చల్లి తుడవాలి. మా ఊళ్ళో అది ఆడపిల్లల పని. మొదటిరోజు తమ్ముడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోబోయాడు.

"ఏరా, పొద్దున స్వామికి పూలు పెట్టిన చెయ్యేగా. ఎంగిలికి పనికిరాదా?" అన్నారు అత్తయ్య. కేక వెయ్యలేదు. వాడు వెనక్కి వచ్చాడు.

నన్నేమో పోస్టాఫీసుకీ, బియ్యం మరకీ పంపేవారు. "దారి తెలిసిన పిల్లకి భయం ఉండదే" అనేవారు. అన్నిట్లోనూ అలా కాదు లెండి. నేను గట్టిగా నవ్వితే చూపుతోనే ఆపేవారు.

ఒక ఆదివారం నాన్నగారు చెప్పకుండా వచ్చారు. తమ్ముడు తిన్నచోటు తుడుస్తున్నాడు.

"అక్కా! వీణ్ణి చదువుకోమని పంపానా, ఆడంగిలా తయారవమని పంపానా? పొద్దున్నే ఇద్దర్నీ తీసుకుపోతాను."

తమ్ముడికి ఇంకో ఊళ్ళో ఇంకో బడి చూస్తారు. నాకెవరూ చూడరు. స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

"తీసుకెళ్దువుగానిలే. ముందు భోంచెయ్యరా" అన్నారు అత్తయ్య.

కొసరి కొసరి వడ్డించారు. ఆయన తినడం అయింది. నేను ఆకు కోసం వంగబోతే అత్తయ్య కళ్ళతోనే వద్దన్నారు. అది గమనించి నాన్నగారు లేవలేదు. చెయ్యి ఎండిపోతోంది.

"చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే ఎవరూ దగ్గరికి రాలేదు. నా ఆకు ఎత్తిందెవర్రా?"

నాన్నగారు ఆకు అంచు మడిచారు.

"నువ్వే. అప్పుడు నీకేమైనా తగ్గిందా?"

"తగ్గడమేంటి, నాకూ పోసిందిగా!"

అత్తయ్య ఫక్కున నవ్వారు. ఆయనకీ నవ్వాగలేదు. నవ్వుతూనే వంగి ఆకు ఎత్తారు. పెరట్లో ఎక్కడ పడెయ్యాలో తెలియక నిలబడితే తమ్ముడు చూపించాడు. అత్తయ్య కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. హారతివేళ తప్ప ఆవిడ అలా చూడగా నేనెరగను.

వాదించలేదు, బతిమాలలేదు. అంత పెద్ద పని అంత నెమ్మదిగా ఎలా చేశారో, ఇన్నేళ్ళ పూజలూ నాకు చెప్పలేదు.

మర్నాడు మా ఊరివైపు వెళ్ళే అవనిగడ్డ బస్సు వచ్చింది. నాన్నగారు ఒక్కరే ఎక్కారు. కిటికీలోంచి మావైపే చూస్తూ వెళ్ళారు. నా పుస్తకాల సంచి నా భుజానే ఉంది. దాని మీద అత్తయ్య చెయ్యి.