రెండంగుళాలు ఎత్తిన సీటు

నిన్న మా పత్రికాఫీసు నుంచి నాకొక మెమో వచ్చింది. అసలేం జరిగిందో వినండి.

మా ఊరు చర్లకు ఆరు మైళ్లు. రోజూ వార్తల కవరు సైకిల్ మీద తీసుకెళ్లి, అక్కడ నాలుగింటి భద్రాచలం బస్సు డ్రైవరుకి ఇస్తాను. పోయిన నెల పోటీ పత్రికలో వచ్చిన రెండు వార్తలు నేను మిస్సయ్యాను. "మూడోది పోయిందా, ఇంకో విలేకరిని చూసుకుంటాం" అని డెస్క్ ఇన్‌చార్జి చెప్పేశాడు.

ఇంతలో మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. సైకిల్ సీటు మీదే నా అనుమానం. దర్జీ టేపు తెచ్చి కొలిచాను. పెడల్ అడుగుకి వెళ్లినప్పుడు కాలు దాదాపు చాపినట్టుండాలి. నాది బాగా వంగుతోంది. సీటు రెండంగుళాలు తక్కువ!

సోమవారం మా ఊరి సైకిల్ షాపుకు వెళ్లాను. యాకూబ్ భాయ్ స్పానర్ పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సార్, గింత ఎత్తా? ఆగితే కాళ్లు ఆనవ్."

"తొక్కడానికి కొన్నా భాయ్, ఆగడానికి కాదు."

"మీ ఇష్టం. పడ్డంక నన్ననొద్దు."

సీటు ఎత్తించి, కవరుతో షాపు అరుగు మీద నుంచి ఎక్కి చర్లకు బయల్దేరాను. అబ్బ, ఎంత హాయి! నొప్పి లేదు, ఆయాసం లేదు. మూడు మైళ్లు తెలియకుండానే గడిచాయి.

అప్పుడు కనిపించింది పోలీసు క్యాంపు వెదురు గేటు.

రోజూ అక్కడ ఒక కాలు నేలకు ఆనించి, పేరు చెప్పి వెళ్తాను. ఆ రోజు కొత్త కానిస్టేబుల్.

"ఆగు!"

బ్రేకు వేశాను. కాలు చాపాను. కింద నేల లేదు! సైకిల్ పక్కకు ఒరిగింది. భయంతో బ్రేకు వదిలి పెడల్ తొక్కేశాను. గేటు పక్కన మనుషులు నడిచే సందులోంచి దూసుకుపోయాను.

"ఏయ్! ఆగమంటే ఉరుకుతున్నవేందిరా!"

"ఆగలేనండీ! సీటు!"

వెనక విజిల్. బూట్ల చప్పుడు. ముందు కంకర కుప్ప. దాని మీదే ఆగాను, బోర్లా. తల తిప్పి చూస్తే ఒకటి కాదు, రెండు తుపాకులు!

హెడ్ కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. కింద పడ్డ నా కళ్లజోడు తీసి చేతికిచ్చి, "వదులుండ్రి, మన పేపర్ సారు" అన్నాడు. తర్వాత నాతో, "ఏంది సార్ గిట్ల? మొన్నటి దాకా మంచిగనే ఆగినవ్ గదా?"

"మొన్నటి దాకా కాళ్లు అందేవి హెడ్ గారూ."

ఆయనే సైకిల్ పట్టుకుని నన్ను ఎక్కించాడు. చర్లలో బస్సు కదలబోతోంది. దాని వెనక నిచ్చెన పట్టుకుని ఆగాను. కవరు అందింది. బీడీలు చుట్టే తునికాకు మీద వార్త రెండు పేజీలు, ఒక్క అక్షరం చెదరలేదు. ఉద్యోగం నిలబడిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇక మెమో. "చర్ల దారిలో చెక్‌పోస్టు దాటి ఆగంతకుడు పరార్ అని పోటీ పత్రికలో బాక్స్ కట్టి వచ్చింది. మనకెందుకు రాలేదు? వెంటనే వివరణ ఇవ్వండి."

పోటీ పత్రిక తెప్పించాను. అందులో మూడు తప్పులు. నేను పరారవలేదు, పడ్డాను. చొక్కా ఎర్రది కాదు, గోధుమ రంగు. 'సుమారు అరవై ఏళ్ల వ్యక్తి' అట! నాకు నలభై ఆరు.

వివరణ ఇలా రాసి పంపాను: "సంఘటన జరిగినప్పుడు మన విలేకరి అక్కడే ఉన్నాడు. కాళ్లే నేలకు అందలేదు."