ప్రార్థన కాని మానిటర్

ఆ రోజుల్లో, అంటే బాపట్లలో ఇంజనీరింగ్ వెలగబెడుతున్న రోజుల్లో, తెర ఎంత వేగంగా ఉంటే ఆటలో శత్రువు అంత త్వరగా చస్తాడని గట్టిగా నమ్మేవాణ్ణి. (నా చేతులే నిదానమన్న సంగతి ఎవరూ చెప్పలేదు.) అందుకే సెకనుకు నూట నలభై నాలుగు సార్లు బొమ్మ మార్చే గేమింగ్ మానిటర్ ఒకటి తెనాలిలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని చుండూరులోని మా ఇంటికి తెచ్చాను. గుమ్మంలోనే నాయనమ్మ ఆపింది. మా ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి స్కూటరు దాకా ఏ కొత్త వస్తువైనా ప్రార్థన అయ్యాకే వాడాలి. ఆ ప్రార్థన చేసే తాతయ్య పోయి ఏడాది కాలేదు. "ఆదివారం పాస్టరు గారొస్తారుగా, అందాకా ముట్టుకోమాక. ప్రార్థన లేకుండా పెట్టావంటే తిప్పి పంపించేస్తా," అంది.

ఆదివారం దాకా ఎవడాగుతాడు? ముసురు పట్టిన మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, తలుపు దగ్గరికేసి, కంప్యూటర్ ఆపే ఓపిక కూడా లేక, పాత మానిటర్ పీకి కొత్తది తగిలించాను. బొమ్మ వచ్చింది కానీ వేగం అరవై దగ్గరే ఉంది. సెట్టింగుల్లో నూట నలభై నాలుగు నొక్కాను. తెర నల్లబడింది. ఆ నలుపులో తాతయ్య! నుదుటి మీద ఎర్రటి చుక్క వెలుగుతోంది. నన్నే చూస్తున్నాడు.

తెర మళ్లీ వెలిగి, ఈ మార్పు ఉంచమంటారా అని అడిగింది. జవాబు చెబుదామంటే మానిటర్లోంచి దగ్గు వినబడింది. తాతయ్య దగ్గే. వెనకే గొంతు: "ప్రేమగల తండ్రీ, ఈ కొత్త యంత్రాన్ని నీ చేతులకు అప్పగిస్తున్నాం..." నేను మంచమెక్కేశాను. జవాబివ్వకపోతే మార్పు దానంతటదే రద్దవుతుందని ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? తెర మళ్లీ నల్లబడింది. మళ్లీ తాతయ్య. "నాయనమ్మా!" అని కేక పెట్టాను.

ఆవిడ వచ్చింది. నన్ను చూడలేదు. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని నిలబడింది. గొంతు సాగుతోంది: "ఈ బిడ్డ దీన్ని చదువుకే వాడేలా కృప చూపించు తండ్రీ."

"ఆమేన్," అంది నాయనమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుని, "మీ తాత వచ్చి చేసేశాడుగా. ఇంక పాస్టరు గారికి చెప్పే పనిలేదు. ఉంచుకో," అంది.

నల్లటి తెరలో కనిపించింది నా వెనక గోడ మీదున్న తాతయ్య ఫోటో, దానికున్న ఎర్ర బల్బు. ఆ గొంతు, కంప్యూటర్ కొన్న రోజు నేను రికార్డు చేసిన తాతయ్య ప్రార్థన. మూగబోయిన పాత స్పీకర్లను పరీక్షిద్దామని పొద్దున పెట్టి మరిచిపోయాను, అది తిరుగుతూనే ఉంది. కొత్త మానిటర్‌కి సొంత స్పీకర్లున్నాయి, తెర వేగం మారగానే శబ్దం వాటిలోకి మళ్లింది. ఇదంతా నాయనమ్మకు చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు నా ఉద్యోగమే తెరల ముందు. కొత్తది తగిలించినప్పుడల్లా తలుపేసుకుని ఆ రికార్డు పెడతాను. 'చదువుకే' అన్నచోట సిగ్గేసి నవ్వొస్తుంది. చివర ఆమేన్ రాకముందే, రికార్డు చేసిన రోజు తొందరపడి ఆపేశాను. మా ఇంట్లో ఆ మాట నాయనమ్మది. ఇప్పుడు నేనే అంటున్నాను.