రోమన్ల కలికం, మా నాన్న కలికం

ఈ ప్రయాణానికి కారణం మా అల్లుడు. కళ్ల డాక్టరు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో వాళ్లింటికి నేను వచ్చిన మూడో రోజే, బాత్రూమ్ అరలో పెట్టుకున్న, కంటికి రాసుకునే నా కలికం కడ్డీని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, "అత్తయ్యగారూ, ఇందులో ఏం కలిపారో ఏమో, డేంజర్!" అంటూ ట్రాష్‌లో పడేశాడు. ఊళ్లో వైద్యం చేసే మా నాన్న స్వయంగా నూరి ఎండబెట్టినవాటిలో ఆఖరిది అది. వెతకబోయేసరికి చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది. నేను రెండు రోజులు మాట్లాడకపోతే, శనివారం మ్యూజియం చూపిస్తానన్నాడు.

తొమ్మిదింటి రైలెక్కితే గంటలో న్యూయార్క్. అక్కణ్ణించి సిటీ బస్సు. కార్డు గానీ సరిగ్గా చిల్లర నాణేలు గానీ లేకపోతే డ్రైవరు ఎక్కనివ్వడు. మ్యూజియంలో రోమన్ల గది రెండో అంతస్తులో ఉంది, మెట్లు చాలా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్ట్ ఎక్కడో ముందే అడగండి.

అక్కడ అద్దాల పెట్టెలో అగ్గిపెట్టె కన్నా చిన్న రాయి ఒకటి. దాని అంచుల మీద కంటివైద్యుడి పేరు, మందు పేరు, జబ్బు పేరు తిరగేసి చెక్కారు. మందు ముద్ద ఆరకముందే కడ్డీగా చేసి, దీంతో ముద్ర కొట్టేవారట. ఎండిన కడ్డీని నీళ్లలోనో, చనుబాలలోనో అరగదీసి కంటికి పెట్టేవారట. మా అల్లుడు ముక్కు అద్దానికి ఆనించి, "వాట్ ఎ సిస్టమ్! జీనియస్‌లు అత్తయ్యగారూ!" అని మురిసిపోయాడు.

"సర్, స్టెప్ బ్యాక్," అంది కాపలా ఆవిడ. ఆవిడకి వెయ్యి దండాలు.

మాతో వచ్చిన తొమ్మిదేళ్ల మనవరాలు రాయి పక్కనున్న కడ్డీ బొమ్మ చూసి, "అమ్మమ్మా, ఇది డాడీ ట్రాష్‌లో పడేసింది కదా?" అంది.

"కాదమ్మా. అది డేంజరు, ఇది జీనియస్సు. అరగదీసే చనుబాలు మాత్రం రెండిటికీ ఒకటే," అన్నాను.

అల్లుడి ముఖం కందగడ్డయింది. "సారీ అత్తయ్యగారూ. దానిమీద పేరైనా ఉంటే పారేసేవాణ్ణి కాదు," అన్నాడు.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. కానీ తిరుగు రైల్లో ఆలోచిస్తే, అతను చెప్పింది నిజమే. ఆ రోమన్ వైద్యుడి మందు ఎవరి కంటి జబ్బు తగ్గించిందో తెలియదు; పేరు మాత్రం అద్దాల పెట్టెలో భద్రంగా ఉంది. మా నాన్న మందు పెట్టిన కళ్లలో రెండు నావి. ఆయన తన పేరు ఎక్కడా వేసుకోలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, భూతద్దం పట్టుకెళ్లండి. వచ్చాక ఇంట్లో పెద్దల మందు ఏదైనా మిగిలి ఉంటే, డబ్బా మీద వాళ్ల పేరు రాయండి. పెద్ద అక్షరాలతో, అల్లుళ్లకు కనపడేలా.