దినం ఎయ్యమంటే

చేవెళ్లలో ముకుందం ప్రెస్సులో దొరికే సరుకులు రెండే: పెండ్లి కార్డు, దశదినకర్మ కార్డు. మనిషి బతుకులో నడుమ జరిగేదంతా ఆయనకు పట్టని వ్యవహారం. ముప్ఫై ఏళ్లు సీసం అక్షరాలు ఏరిన వేళ్లతో రెండువేల ఒకటిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. జనం కార్డులకు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు మరి. ఇంకో నాలుగిళ్లు జారిపోతే ప్రెస్సుకు తాళమే.

అమీర్‌పేటలో జావా నేర్చిన మేనకోడలు స్వప్నిక ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి ఇచ్చింది.

“మామా, వంట ఒక్కసారే అయిపోయింది. లోపల మొదళ్లు మాత్రం రెండున్నయి. నడిపేటప్పుడు ‘పెండ్లి’ అని కొడితే ఒక కాడికెల్లి మొదలైతది, ‘దినం’ అని కొడితే సచ్చినోళ్ల కార్డుకు ఇంకో కాడికెల్లి. రెండూ ముందుగాల అడిగేటివి అవే: పేరు, తండ్రి పేరు, తారీఖు. అందుకే జర చూసి కొట్టు.”

“ముంగట దుకాణం, ఎనుక ఇల్లు. ఏ తలుపు కొడితే ఆ ముకుందం వస్తడు. నాకే చెప్తున్నవా?”

నిజమే. ఏ ఊరి బజారులో చూసినా సేఠ్‌లంతా ఇట్లాగే: ముందు తలుపులో కరుకు, వెనక తలుపులో వెన్న. సరే, ఆ సంగతి వేరు.

మొదటి గిరాకీ మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ యాదయ్య. కొడుకు సైదులు పెండ్లి. వెంట యాదయ్య తల్లి సత్తమ్మ, కాబోయే వియ్యంకుడు రాజమౌళి. నమూనా నచ్చితే ఆడపిల్లవారి కార్డులూ ఇక్కడేనట. ముకుందం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“జల్ది సేఠ్! ముందుగాల దినం ఎయ్యి, దినం. పంతులు శుక్రవారం పెట్టిండు,” అన్నాడు యాదయ్య.

ముకుందం వేళ్లు విన్నది కొట్టేశాయి. పేరు, తండ్రి పేరు, తారీఖు. కాగితం బయటికొచ్చింది.

రాజమౌళి అందుకుని చదివాడు. “‘స్వర్గస్థుడైన సైదులు ఆత్మశాంతికై...’ ఏంది బావా ఇది?”

యాదయ్య ఎగిరి లేచాడు. “నా కొడుకు మొయినాబాద్ల ఆటో నడుపుతుండయ్యా!”

“నువ్వే గద దినం ఎయ్యమంటివి!”

“దినమంటే తారీఖు సేఠ్!”

“మా డబ్బాల దినమంటే దినమే!”

రాజమౌళి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. పెండ్లీ, ప్రెస్సూ రెండూ ఆ ఒక్క చెప్పుల జతతోనే గడప దాటేటట్టున్నాయి.

“కూసో రాజమౌళీ,” అన్నది సత్తమ్మ. “బతికున్నోడు సచ్చిండని మాట పుడితే ఆయుష్షు పెరుగుతది. నీ బిడ్డ నూరేండ్లు ముత్తైదువ, పో!”

రాజమౌళి ఒక చెప్పు విడిచాడు. కాసేపాలోచించి రెండోదీ విడిచాడు. “అట్లనా అవ్వా? అయితే మా కార్డులు గూడ ఈడనే.”

“సేఠ్, నాగ్గూడ గసొంటి సావు కార్డే ఒకటి కొట్టు. మోకాళ్లు సతాయిస్తున్నయి,” అన్నది సత్తమ్మ.

ఈసారి తప్పు పోకూడదని ముకుందం తెరకు దండం పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతికి మరీ ‘పెండ్లి’ అని కొట్టాడు.

“‘చి. సత్తమ్మ వివాహము...’” చదివాడు రాజమౌళి. “జోడీ పేరు కాడ ఖాళీ ఉన్నది.”

సత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“తారీఖు మంచిగనే ఉన్నది సేఠ్. పిలగాడేడి?”