మెంతుల గాబులో మా రాజ్యం

మొన్న మా మేనల్లుడు అల్మారా తెరిచి సీలు విప్పని ఆట పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టాడు. తలా ఒక వేషం ఎంచుకుని, కథ అల్లుకుంటూ ఆడే ఆటట. విప్పకుండా దాచిపెడితే విలువ పెరుగుతుందట. దానికి ప్లాస్టిక్ వాసన తప్ప మరే వాసనా లేదు. దాచుకోదగినది కాదని నేననను గానీ, ఆడని ఆట పుస్తకాన్ని దాచుకోవడమంటే వండని బియ్యం చూసి కడుపు నిండిందనుకోవడమే. ఊరికే అనడం లేదు, అట్లాంటి పుస్తకం మా ఇంట్లోనే పుట్టింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డాయి. కేసముద్రంలో మార్కెట్ వెనకే మా ఇల్లు. గాలి ఇటు తిరిగితే మిర్చి ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. మధ్యాహ్నం అవ్వ కాల్చిన సర్వపిండి ముక్కలు చేత పట్టుకుని, వేపచెట్టు నీడలో మా పదమూడేళ్ల సుశీలక్క చుట్టూ చేరేవాళ్లం. బడికని కొన్న నోటుబుక్కులో అక్క ఒక రాజ్యమే రాసింది: పేజీకొక ఊరు, ఊరికొక గండం. నేను అడవి మందులిచ్చే మల్లవ్వను, మా చిన్నన్న గుర్రాల దొంగ. అక్క కథ చెబుతుంది, మేం ఏం చేస్తామో చెప్పి గవ్వలు వేయాలి. ఆరింటిలో నాలుగు వెల్లకిలా పడితే గండం గడిచినట్టు, లేదంటే పులి నోట్లో పడ్డట్టే.

నోటుబుక్కు ఆటపాలైందని బాపుకు తెలిస్తే వీపు విమానం మోతే. అందుకని అక్క దాన్ని ఎవరూ తొంగిచూడని చోట, అవ్వ చిత్తుకాగితాల కుప్పలో దాచేది. ఎండలు ముదిరాక అవ్వ ఆ కాగితాలు గాబులో నానేసి, మెంతులు కలిపి దంచి, ఆ గుజ్జు వెదురు గంపలకు మెత్తేది. అప్పటిదాకా భయం లేదనుకున్నాం. ఆ ఏడు అవ్వ ముందే మొదలుపెట్టింది.

మేం వెళ్లేసరికి గాబులో నీళ్లు నీలంగా ఉన్నాయి. అక్క మోచేతి దాకా ముంచి వెతికితే అట్ట దొరికింది, రాజ్యం దొరకలేదు. అక్క వెక్కివెక్కి ఏడ్చింది. ఇక సంగతంతా అవ్వకు చెప్పక తప్పలేదు. తిడుతుందనే అనుకున్నాం. అవ్వ గుజ్జు చేతులు కొంగుకు తుడుచుకుని, గవ్వలు దగ్గరికి జరుపుకుంది.

"కాగితం పోతే పాయె, కత నీ నోట్ల ఉన్నది గదనే బిడ్డా. ఏడిదాక ఆడిండ్రో చెప్పు. నాకో పేరు వెట్టు."

అక్క ముక్కు ఎగబీల్చి, అవ్వను దండుకు సర్దారును చేసింది. పులి ఎదురొస్తే ఏం చేస్తావని అడిగితే, ఆకలి మీదున్నదేమో, అంబలి పోస్తానంది అవ్వ. వేస్తే సరిగ్గా నాలుగు వెల్లకిలా పడ్డాయి! బడులు తెరిచేదాకా పుస్తకం లేకుండానే ఆడాం.

ఇప్పుడు గంపలకు కాగితం మెత్తేవాళ్లు లేరు. పోయినేడు అక్క కూడా పోయింది. ఆ పుస్తకం మళ్లీ నేనే రాస్తున్నాను, నాకంతా నోటికి వచ్చునన్న ధీమాతోనే మొదలుపెట్టాను. ఊళ్లు, గండాలు, గవ్వల లెక్క అన్నీ వచ్చేశాయి. ఒక్కచోట ఆగిపోయాను. ఆటలో చచ్చిపోయినవాళ్లను అక్క మళ్లీ ఎట్లా వెనక్కి పిలిచేదో, ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.