ప్రచండుడికి ఒక ఆయుధం కావాలి

ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం కోసం నేను కాచుకున్నట్టు పరీక్షా ఫలితాల కోసం కూడా ఎప్పుడూ కాచుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, వారంలో మిగతా రోజులన్నీ ఎలాగో ఒకలా గడిపేసి ఆ పూటకి చేరుకోవడమే నాకు బతుకు. మేడ మెట్లెక్కి రేకుల షెడ్డులోకి అడుగు పెట్టానా, ఇక నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివే బక్కపలచటి ఆడపిల్లని కాను. ప్రచండుణ్ణి! ఒక చేత్తో కత్తి తిప్పుతూ ఇంకో చేత్తో మంత్రం వేసే మహావీరుణ్ణి. (మీసాలు కూడా ఉండేవి. నేనే పెట్టుకున్నాను, కొనదేలినవి.)

అప్పట్లో అరసవల్లిలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. అత్త కొడుకు, అంటే మా బావ, బెంగుళూరులో ఏడాదిపాటు ఉద్యోగం వెలగబెట్టి, అక్కడి నీళ్లు పడలేదంటూ ఇంటికొచ్చేశాడు. వస్తూ వస్తూ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకదానికి జిరాక్సు, గుడ్డసంచిలో చిత్రవిచిత్రమైన పాచికలు తెచ్చాడు. (బావ అనగానే మీరు ఊహించుకుంటున్నది జరగలేదు. అతని పెళ్లిలో నేను పులిహోర వడ్డించాను.) ఆట ఏమిటంటే, ఒకడు కథ చెబుతాడు, మిగిలినవాళ్లం ఆ కథలో మనుషులం. రాక్షసుడు ఎదురొచ్చాడని వాడంటే, నేనిలా చేస్తానని మనం నోటితో చెప్పాలి. చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే, బల్ల మీద ఇంకేమీ ఉండదు. అయినా ఆ షెడ్డులో మేం దాటిన నదులూ ఎక్కిన కొండలూ మామూలువి కావు.

కథ చెప్పేవాడు బావ. ఆడేవాళ్లం ముగ్గురం. ప్రతి ఆదివారం కోటబొమ్మాళి నుంచి పాసింజరు బండిలో దిగేవాడు ఒకడు, వాణ్ణి రైలు అనేవాళ్లం. నెల్లిమర్ల జనపనార మిల్లులో తండ్రి పనిచేసే ఇంకొకడు మిల్లు. మూడో మనిషి ప్రచండుడు. ఆటలో బావ పెట్టిన కఠినమైన నియమం ఒకటుంది. కథలో ఎవరు చచ్చిపోతే వాళ్లు బల్ల దగ్గర్నుంచి లేచిపోవాలి, ఆ కథ అయ్యేదాకా మళ్లీ కూర్చోకూడదు. బావ కథలు మొదలెడితే ఎప్పుడవుతాయో వాడికే తెలీదు.

మగపిల్లలిద్దరికీ అది ఆటలో చావే. నాకు మాత్రం అసలు చావు. ఎందుకంటే ఆదివారమంటే సూర్యనారాయణస్వామి రోజు, మా వీధంతా ఆటోలూ జనమూ. అత్త కింద రెండు గదులు యాత్రికులకి స్నానాలకీ బట్టలు మార్చుకోవడానికీ ఇచ్చేది. ఒక కుటుంబం ఇలా వెళ్లగానే గది ఊడ్చి తుడిచి ఇంకో కుటుంబానికి అలా సిద్ధం చెయ్యాలి. ఆ ఊడ్చే మనిషిని నేను. పొద్దున్న నుంచీ ఊడ్చి ఊడ్చి, "అత్తా, ఆటలో నేను లేకపోతే కథ ఆగిపోతాది" అని బతిమాలి ఆ మధ్యాహ్నం పూట సంపాదించుకున్నాను. ప్రచండుడు పోయాడని తెలిస్తే అత్త ఏమంటుందో నాకు బాగా తెలుసు. "ఆటలో లేవు కదే, మరి సీపురు అట్టుకో" అంటుంది. మీసాల వీరుణ్ణి ఏరికోరి తయారుచేసుకున్నదే ఆ చీపురు నుంచి పారిపోవడానికి!

అలాంటి నాకు ఒక ఆదివారం ఘోరం జరిగింది. ఇనుప చర్మమున్న రాక్షసుడొకడు ప్రచండుడి కత్తిని పుల్లలా విరిచేశాడు. పైగా వికటాట్టహాసం చేశాడు. (రాక్షసుల తరఫున మాట్లాడేటప్పుడు బావ గ్రాంథికంలోకి దిగేవాడు.) "ఓరీ మానవాధమా! వేయి సంవత్సరములుగా లోకమందలి సమస్తాయుధములను రుచిచూచితిని!" అన్నాడు. అక్కడ ఆట ఆపేసి, మామూలు మనిషై నా వైపు తిరిగి చల్లగా చెప్పాడు.

"కత్తులూ బల్లేలూ ఈడి మీద పనిసెయ్యవే. ఈడికి ఎప్పుడూ తగలని ఆయుధమేదో ఎతుక్కో. వచ్చే ఆదివారానికి తేకపోతే ఉట్టి సేతుల్తో దిగాల."

ఆయుధం వెతకడమంటే పుస్తకంలో చూసి రాసుకోవడం కాదు. పుస్తకంలో పేర్లున్నాయి గానీ, బొమ్మల పేజీ జిరాక్సులో మసిగుడ్డలా వచ్చింది. అవి ఎలా ఉంటాయో మాలో ఎవరికీ తెలీదు. అందుకని బావ అరసవల్లి చట్టం ఒకటి చేశాడు. ఇంట్లో దొరికే వస్తువేదైనా ఆయుధమే. కాకపోతే దాన్ని తెచ్చి, అందరి ముందూ తిప్పి చూపించాలి. మంత్రగాడైతే ఒక చెయ్యి ఖాళీగా ఉంచి వేళ్లతో ముద్ర పట్టాలి, నోటితో మంత్రం తడబడకుండా చదవాలి. మిల్లు వాళ్ల నాన్న దగ్గర బస్తాలు లాగే ఇనుప కొక్కెం తెచ్చి, గాలిలో రెండుసార్లు తిప్పి ఎప్పుడో నెగ్గేశాడు. వాడికేం, వాడు మంత్రగాడు కాదు. రైలు ఆయుధం విల్లు, చీపురుపుల్లకి దారం కట్టి చూపించి గట్టెక్కాడు.

ఆ వారం నేను పుస్తకం తెరిస్తే ఒట్టు. కాలేజీకి వెళ్తూ దారిలో కనిపించిన ప్రతి వస్తువునీ రాక్షసుడి నెత్తి మీద ఊహించుకున్నాను. చెరుకురసం బండి చక్రం, టైర్ల దుకాణంలో జాకీ, గుడి దగ్గర కొబ్బరికాయలు కొట్టే ఇనుపకమ్మీ, అన్నీ ఆయుధాలే! కాలేజీ నుంచి రాగానే ఇంట్లో ఏదో ఒకటి పట్టుకుని మేడెక్కి బావ ముందు పరీక్షకి నిలబడేదాన్ని. రోకలి ఎత్తాను, దానికి రెండు చేతులూ చాల్లేదు, మంత్రం సంగతి దేవుడెరుగు. కవ్వం తిప్పాను, "తాడు ఎవులు లాగుతారే, రాచ్చసుడా?" అన్నాడు బావ. సైకిలు గొలుసు గిరగిరా తిప్పితే అది రాక్షసుణ్ణి వదిలేసి నా జడకి చుట్టుకుంది. మావయ్య గొడుగు అన్నిటికంటే బాగా కుదిరింది. సర్రున దూసి "ఘన ఘనాఘన ఘోర గర్జిత" దాకా తడబడకుండా వచ్చాను, సరిగ్గా అప్పుడే అది ఠప్పున తెరుచుకుని బావ కళ్లజోడు ఎగరగొట్టింది. (ఆ మంత్రం నా సొంత రచన. రాసేటప్పుడు ఎంత గొప్పగా ఉందో, పలికేటప్పుడు అంత పళ్లూడగొట్టేది.) శనివారం సాయంత్రానికి ఇంట్లో నేను ఎత్తని వస్తువు లేదు.

ఆదివారం రానే వచ్చింది. మాఘమాసం కావడంతో జనం విరగబడి వచ్చారు. మధ్యాహ్నం దాకా ఊడ్చి, చేతులు కడుక్కుని, ఉట్టి చేతుల్తోనే మేడెక్కాను. మిల్లూ రైలూ నా వైపు చూడటం మానేశారు. ఆసుపత్రిలో రోగి మంచం దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు పాపం. బావ తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని, రాక్షసుణ్ణి మా మీదికి నడిపించడం మొదలెట్టాడు. కింద నుంచి అత్త కేక వినిపించింది, గది ఊడ్చాలట. నేను కదల్లేదు. ఇంకో కేక. "ఇదే నీకు అంత్యకాలము!" అంటున్నాడు బావ. నాకు నిజంగానే ఏడుపొస్తోంది. ప్రచండుడి కోసమో, నా ఆదివారాల కోసమో తెలీదు, రెండూ ఒకటే అప్పుడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు బావ వినలేదు. ఎలా వింటాడు, అట్టహాసం చేస్తున్నాడు కదా! "హహ్హహ్హ! నన్ను గెలువగల ఆయుధము ముల్లోకములలో..." అంటుండగా వీపు మీద ఫట్‌మని పడింది.

వెనకాల అత్త. కుడిచేతిలో కొండచీపురు. ఎడమచేతి చూపుడువేలు బావ ముక్కుకి సూటిగా. నోరు మాత్రం ఎక్కడా ఆగడం లేదు. "ఒరే ఎదవా, గుమ్మంలో జనం నిలబడి సూస్తన్నారు, గదిలో తడిబట్టలు నీరు కార్తన్నాయి, గొంతు సించుకుని పిలస్తంటే ఒక్కరికీ ఇనబడదేటి, సదువు లేదు సంజ లేదు, రాచ్చసులంట, భూతాలంట, కిందకొచ్చి సూడు, ఏ భూతం ఊడుస్తాదో ఈ కొంపని!" ఇంత పొడుగునా ఒక్క తడబాటు లేదు. ఒకో మాటకి ఒకో దెబ్బ, ఒకో దెబ్బకి వేలు ఒకో దిక్కు. బావ కుర్చీ తన్నేసి మిల్లు వెనక్కి, అక్కణ్ణుంచి రైలు వెనక్కి పరిగెత్తాడు. పాచికలు నేలంతా దొర్లాయి.

ఒక చేతిలో ఆయుధం, ఒక చేత్తో ముద్ర, నోట్లో మంత్రం! వారం రోజులుగా నేను వెతుకుతున్న వీరుడు నైటీ మీద తువ్వాలు వేసుకుని నా కళ్లెదురుగా యుద్ధం చేస్తున్నాడు.

"అదే! అదే నా ఆయుధం!" అని కుర్చీ ఎక్కి అరిచాను.

అత్త చీపురు ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. బావ రైలు భుజం మీంచి తల పైకెత్తి, "సీపురు ఆయుధమేటే? ఆడిది ఇనప సర్మం. గీత కూడా పడదు" అన్నాడు.

నేను వదల్లేదు. ప్లీడరులా ముందుకెళ్లాను. "నీకు దెబ్బ తగిలింది కదా బావా. నొప్పెట్టిందా?"

"కొండసీపురు నొప్పేటి?"

"మరెందుకు పారిపోనావు?"

మిల్లు బల్ల గుద్ది, "పరువు బావా, పరువు! సర్మం ఇనపదైతే అయింది, పరువు ఇనపది కాదు కదా!" అన్నాడు. రైలు కూడా అందుకున్నాడు. "ఎయ్యేళ్లలో ఆణ్ణి గదల్తో కొట్టుంటారు, బాణాల్తో కొట్టుంటారు. సీపురుతో ఎవుడైనా కొట్టినాడేటి? కొడితే సెప్పుకుంటాడేటి?" బావ తల గోక్కుని, చివరికి ఒప్పుకున్నాడు. కానీ చట్టం చట్టమే, నేను తిప్పి చూపించాలన్నాడు.

అత్త చేతిలోంచి చీపురు తీసుకున్నాను. పొద్దున్న నుంచీ పట్టుకున్నదే, అయినా కత్తిలా మొదట్లో పట్టుకున్నాను. "అలగ కాదే, మొదట్లో అట్టుకోకు, కాస్త పైకి అట్టుకో. మణికట్టు తిప్పాల" అంది అత్త, ఎందుకో ఏమిటో తెలియకుండానే. ఘన ఘనాఘన జోలికి పోలేదు నేను. అత్త మంత్రమే అందుకున్నాను. "ఒరే ఎదవా, గుమ్మంలో జనం" దగ్గర్నుంచి "ఈ కొంపని" దాకా ఒక్క ఊపిరిన వచ్చేసింది. రోజూ వింటున్నదే కదా! మగపిల్లలిద్దరూ ఈలలేశారు. అత్త స్టూలు లాక్కుని కూర్చుని, "ఇంతకీ ఆ రాచ్చసుడు ఎక్కడున్నాడే?" అంది. కింద జనం సంగతి ఆవిడే మర్చిపోయింది.

పాచిక వెతికి నా చేతిలో పెట్టారు. కళ్లు మూసుకుని వేశాను. దొర్లి దొర్లి ఆగింది. మూడు.

మూడంటే ఇంకేముంది, దెబ్బ గాలిలో పోయినట్టే. బావకి ప్రాణం లేచొచ్చింది. "ప్రచండుని సమ్మార్జని, అనగా చీపురు, గురి తప్పినది! రాక్షసుడు గదనెత్తి..."

"ఒరే ఆగు" అంది అత్త. "ఏటయినాది?"

"తగల్లేదమ్మా. మూడే పడింది. ఇది సచ్చిపోతాది."

"తగలకపోతే ఏటిరా?" అత్త నిజంగా అర్థం కాక అడిగింది. "సిన్నప్పటి నుంచీ నీ మీదకి ఎన్నిసార్లు సీపురు ఎత్తినాను, ఎన్నిసార్లు కొట్టినాను? ఎత్తితే సాలు, పరుగెట్టి ఈధి సివర తేలీవోడివి కావేటి!"

బావ గద అలా గాలిలోనే ఉండిపోయింది. ఆ మొహంలో వెయ్యేళ్ల రాక్షసుడు మెల్లగా కరిగిపోయి, నిక్కరు వేసుకున్న కుర్రాడు బయటికి రావడం మేమందరం చూశాం. గ్రాంథికం వదిలేసి, నీరసంగా అన్నాడు. "ఆడు... పారిపోనాడు."

మేం పెట్టిన కేకలకి వీధిలో ఆటోవాళ్లు తలలెత్తి చూశారు. మిల్లు నన్ను భుజం మీద చరిచిన చరుపు ఇంకా గుర్తుంది. అత్త లేచి, నేను పక్కన పెట్టిన చీపురు మళ్లీ నా చేతికిచ్చి, "ఆయుధం నీదే కదే, బేగి ఎల్లు, జనం ఉన్నారు" అంది. లోకాలన్నీ గెలిచిన ప్రచండుడు కిందకి వెళ్లి గది ఊడ్చాడు. కానీ ఎలా ఊడ్చాననుకున్నారు! మణికట్టు తిప్పుతూ, ఎడమచెయ్యి పైకెత్తి, మూలమూలకీ మంత్రం వేస్తూ ఊడ్చాను. గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన పిల్లల్ని వెనక్కి లాక్కున్నాడు.

తరవాతి ఆదివారం మిల్లు కొక్కెం ఇంట్లో వదిలేసి వచ్చాడు, వాడికీ చీపురే కావాలట. రైలుకీ అదే. కొత్త ఆయుధానికి సాధన కావాలన్నాడు బావ. సాధనకి చెరో గది చూపించింది అత్త. ఆ కథ నడిచినన్నాళ్లూ నేను ఆదివారాలు మళ్లీ గది ఊడవలేదు.

ఇప్పుడు నాది విజయనగరంలో ఉద్యోగం. బావకి తల నెరిసింది. అత్త మోకాళ్ల నొప్పులతో మేడెక్కడం మానేసింది. చీపురు ఎత్తే పని కూడా లేదు, కింద నుంచి దగ్గితే చాలు, బావ లేచి నిలబడతాడు. పాచికలెక్కడున్నాయో ఎవరికీ తెలీదు. మొన్నామధ్య సాయంత్రం మార్కెట్లో కొండచీపుర్లు అమ్మే ఆవిడ దగ్గర ఒకటి తీసుకుని, కాస్త పైకి పట్టుకుని మణికట్టు తిప్పి చూశాను. నాకు తెలియకుండానే ఎడమచెయ్యి పైకి లేచింది. పెదాలు కూడా కదిలాయనుకుంటాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎవుల్ని కొట్టడానికమ్మా?" అంది.

"రాక్షసుణ్ణి" అన్నాను, ఆఫీసు సంచీ భుజాన సర్దుకుంటూ.

ఆవిడ నవ్వలేదు. నా చేతిలోది తీసేసుకుని, కట్టల్లో వెతికి, ఇంకోటి లాగి ఇచ్చింది. "అయితే ఇది అట్టుకెల్లు. ఎత్తితే సాలు."