తడిచేత్తో కొన్న లాంతరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో లాంతరు కొనడం పెళ్ళిసంబంధం చూడటం కంటే పెద్ద పని. సంబంధం చెడితే ఇద్దరే బాధపడతారు. లాంతరు చెడితే పడవలో ఉన్నవాళ్ళందరూ నీళ్ళలో పడతారు.

మాది బందరుకి దిగువన, సముద్రం ఒడ్డున ఓ పల్లె. మా తాతయ్య వేటకి వెళ్ళేవాడు. మా మామ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని బందరు వీధుల్లో అమ్మేది. పడవ తిరిగొచ్చే వేళకి ఇంకా చీకటిగానే ఉండేది కాబట్టి, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర మామ్మ ఓ వెదురు గడకి లాంతరు కట్టి, ఆ గడని పట్టుకుని నిలబడేది. మొగ పక్కనే ఇసుక తిప్ప. దీపం కనిపిస్తే పడవ కాలువలోకి, కనిపించకపోతే తిప్ప మీదికి. మధ్యేమార్గమంటూ ఏమీ లేదు.

ఒక ఏడు బందరు కొట్టాయన మాట నమ్మి, అట్టపెట్టె మీద నెమలి బొమ్మ ఉన్న కొత్త లాంతరు కొన్నారు. బొమ్మ బాగానే ఉంది. మొదటిసారి గట్టిగా గాలి వీచేసరికి లాంతరు ఆరిపోయింది. మామ్మ మళ్ళీ వెలిగించబోతే గాజు పైకి లేవలేదు. పడవ వెళ్ళి తిప్పకెక్కింది. వల చిరిగింది, తాతయ్య భుజం జారింది. "తిప్పని చూసి చాన్నాళ్ళయింది, పలకరించొచ్చాను" అన్నాడు తాతయ్య కట్టు కట్టించుకుంటూ. మామ్మ నవ్వలేదు.

కట్టు విప్పీ విప్పగానే ఆయన మళ్ళీ వేటకి తయారయ్యాడు. పడవ ఎక్కే రోజు పొద్దున్నే మామ్మ పక్క పడవలవాళ్ళ చేపలతో గంప నెత్తిన పెట్టుకుని, కిరసనాయిలు సీసా నా చేతికిచ్చి, నన్ను వెంటబెట్టుకుని బందరు బయల్దేరింది. చేపలమ్మడానికి కిరసనాయిలు ఎందుకని నేనడగలేదు. ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా ప్రశ్నలు తగ్గిపోయేవి.

నేరుగా ఆ కొట్టుకే వెళ్ళాం. కొట్టాయన ఈసారి ఇంకా ఖరీదైనది, వెండిలా మెరిసేది తీశాడు. "ఇది దొరల మోడలు మామ్మా, జీవితాంతం ఉంటుంది" అన్నాడు.

"ఎవరి జీవితాంతం?" అంది మామ్మ.

వెనక మూలన దుమ్ముకొట్టుకుపోయి, పిడి వంకరగా ఉన్న చవక లాంతరొకటి ఉంటే అదీ తియ్యమంది. రెండూ వెలిగించి చూస్తానంది. ఆయన అదిరిపడ్డాడు. "వెలిగిస్తే మసి పడుద్ది. మసి పడ్డదాన్ని ఎవరు కొంటారు? కొట్లో దీపం వెలిగించి చూపించడం ఎక్కడైనా ఉందా?"

మామ్మ అప్పుడు "బాబుగారూ" అంది. మామ్మ ఎవర్నైనా 'గారూ' అందంటే వాళ్ళకి మూడిందన్నమాటే.

"రోజూ పొద్దున్నే మీ ఇంటావిడ నా గంపలో చేపలన్నీ తిరగేస్తారు. మొప్పలెత్తి చూస్తారు, పొట్ట నొక్కుతారు, వాసన చూస్తారు. ఆఖరికి ఒక్కటి తీసుకుంటారు. ఒక్కోరోజు అదీ తీసుకోరు. మొప్ప ఎత్తితే చేప పాతదైపోద్దని నేనెప్పుడైనా అన్నానా అండీ?"

"చేపా లాంతరూ ఒకటేనా?"

"కాదండి. చేప పాడైతే మీకు ఓ పూట కూర పోద్ది. లాంతరు పాడైతే మా ఆయన పోతాడు."

ఆయన రెండు లాంతర్లూ లోపలికి లాక్కుని, ఇంకో కొట్టు చూసుకోమన్నాడు.

మామ్మ సరేనంది. గంప దించి కొట్టు మెట్టు మీద పెట్టి, పైన కప్పిన తడి గోనె తీసేసి, పక్కనే కూర్చుంది. నన్నూ కూర్చోమంది. అరవలేదు, తిట్టలేదు. ఎండెక్కుతోంది. చేపలు ఎండలో ఏం చెయ్యాలో అది చెయ్యడం మొదలెట్టాయి. కొట్టుకొచ్చినవాళ్ళకి మెట్టు దగ్గరికి రాగానే వేరే పనులు గుర్తొచ్చేవి. వీధిలో పిల్లులకి మాత్రం ఇంకే పనీ లేదు. ఆ రోజు బేరం పోతుందని మామ్మకీ తెలుసు. ఎవరో ఒకరు కొంటానన్నా అమ్మలేదు, కదల్లేదు.

కొట్టాయన ముందు ఓ అగరొత్తి ముట్టించాడు. కాసేపటికి కట్టంతా ముట్టించాడు.

"చూశావా, వెలిగించడం వచ్చు ఆయనకి" అంది మామ్మ నాతో, ఆయనకి వినపడేలా.

ఇంక రెండు లాంతర్లూ బల్ల మీదికొచ్చాయి. మామ్మ ముందు వెలిగించలేదు. పక్కన పెట్టిన తడి గోనె పిండి చెయ్యి తడుపుకుని, ఆ తడి చేత్తో, ఒక్క చేత్తోనే గాజు లేపబోయింది. మొగ దగ్గర రెండో చెయ్యి గడని వదలదు మరి. దొరల మోడలుకున్న చిన్న మర ఆవిడ వేళ్ళలో జారిపోయిందే తప్ప తిరగలేదు, గాజు లేవలేదు. దొరల చేతులు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి కాబోలు. వంకర పిడి లాంతరుకి మాత్రం పక్కన మొరటు కమ్మీ ఒకటుంది. నొక్కగానే గాజు లేచింది.

తర్వాత మా నూనె మేమే పోసి, వెలిగించి, వీధిలోకి తీసుకెళ్ళి గాలికెదురుగా ఊపింది. మెరిసేది రెండుసార్లు వంగి దణ్ణం పెట్టి సెలవు తీసుకుంది. వంకరది వణికింది, మసి కక్కింది, ఆరలేదు.

చవకదే కొన్నాం. మర్నాడు తెల్లవారుజామున పడవ తిన్నగా కాలువలోకొచ్చింది. తాతయ్య ఈసారి తిప్పని పలకరించలేదు. మామ్మ లాంతరు దించి, దానికేసి చూసి, "మొహం బాగోలేదు గానీ" అని ఊరుకుంది. ఆవిడ పొగడ్త అంతవరకే.

మొన్న మా మనవడు స్నేహితులతో కలిసి హంసలదీవి వైపు గుడారాలేసుకుని ఉంటామని బయల్దేరాడు. తుఫానుకి కరెంటు పోయినా పనికొస్తుందని చార్జింగ్ లాంతరు ఫోన్లో చూస్తున్నాడు. "నాలుగున్నర నక్షత్రాలున్నాయి తాతయ్యా" అన్నాడు. మా ఇంట్లో నక్షత్రాలు చూసి పడవ నడిపేవాళ్ళురా, దీపాలు కొనేవాళ్ళు కాదు అని చెప్పి, వాణ్ణి బందరు తీసుకెళ్ళాను.

కొట్టతను మర్యాదస్తుడు. "సీల్ తియ్యకూడదండి, కంపెనీ రూలండి" అన్నాడు. అలాగేనండి అని అక్కడున్న కుర్చీలో కూర్చున్నాను. రిటైరైనవాణ్ణి, వేరే పని లేదని కూడా చెప్పాను. మామ్మ గంప నా దగ్గర లేదు గానీ, ఇంగ్లీషు లెక్చరర్‌గా ముప్ఫయ్యేళ్ళు మాట్లాడిన నోరుంది. అది చేపలకంటే తొందరగా పనిచేసింది.

తగిలించడానికి కొక్కెం ఉండి, నాలుగు వైపులా వెలుగిచ్చే, చూడ్డానికి బాగోని చవకది తెచ్చుకున్నాం.

నా సంచిలో ఎప్పుడూ ఓ చిన్న నీళ్ళ సీసా ఉంటుంది. పెద్దాయనకి దాహమెక్కువని అందరూ అనుకుంటారు. నేను కాదనను. ఏదైనా కొనేముందు మూత తీసి, కుడిచెయ్యి తడుపుకుంటాను.